కొలెస్ట్రాల్ గోలీలు: సైడ్ ఎఫెక్ట్స్‌లో ఎంత నిజం, ఎంత భయం?

భువనగిరి: “బేటా, ఈ కొలెస్ట్రాల్ గోలీ వేసుకుంటే కాళ్లు పడిపోతాయట. నేను వారం నుంచి మానేసిన.” పోయిన రంజాన్‌కు కొన్ని రోజుల ముందు మా మామూ నాతో అన్న మాట ఇది. మామూకు 58 ఏళ్లు. రెండేళ్ల కింద గుండెకు స్టెంట్ వేశారు. తొడలు, పిక్కలు గుంజుతున్నాయని ఆయన బాధపడుతున్న టైమ్‌లోనే ఫోన్‌లో ఒక వాట్సాప్ మెసేజ్ వచ్చింది. ఆ మెసేజ్ చూసి, డాక్టర్‌ని అడగకుండానే గోలీలు డబ్బాలో పడేశారు.

స్టెంట్ ఉన్న మనిషి ఈ మందు ఆపడం ఎంత ప్రమాదమో అప్పటికి నాకూ సరిగా తెలియదు. నేను కామర్స్ చదివినవాణ్ణి, డాక్టర్‌ని కాను. మామూను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాక అడిగి తెలుసుకున్నవి, తర్వాత చదివి సరిచూసుకున్నవి ఇక్కడ ఒక్కచోట పెడుతున్నా. మన ఇళ్లల్లో అబ్బాకో, అమ్మీకో, దాదీకో ఈ గోలీ రోజూ నడుస్తూనే ఉంటుంది. కాబట్టి ఈ వ్యాసం దాచుకుని అవసరమైనప్పుడు చూసుకోవచ్చు. మందు మార్చడం, ఆపడం మాత్రం మీ డాక్టర్‌తో మాట్లాడాకే.

అసలు ఈ గోలీలు ఏంటి?

కొలెస్ట్రాల్ తగ్గించడానికి ఎక్కువగా రాసే మందుల గుంపు పేరు స్టాటిన్లు. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్. సిమ్వాస్టాటిన్, ప్రవాస్టాటిన్, పిటవాస్టాటిన్ కూడా ఇదే గుంపులోవి. చీటీ మీద పేరు చివర ‘స్టాటిన్’ అని ఉంటే దాదాపుగా ఇదే మందు అనుకోవచ్చు. ‘నిస్టాటిన్’ మాత్రం ఇది కాదు, అది నోటిపూత లాంటి ఫంగస్ జబ్బులకు వాడే మందు.

మన ఒంట్లో కొలెస్ట్రాల్ చాలావరకు లివర్‌లోనే తయారవుతుంది. ఆ తయారీకి అవసరమైన ఒక ఎంజైమ్‌ను స్టాటిన్ అడ్డుకుంటుంది. లోపల తయారీ తగ్గేసరికి లివర్ రక్తంలో ఉన్న చెడు కొలెస్ట్రాల్‌ను, అంటే ఎల్‌డీఎల్‌ను, ఎక్కువగా లాక్కుంటుంది. మామూలు డోసుతో ఎల్‌డీఎల్ 30 నుంచి 49 శాతం దాకా, పెద్ద డోసుతో 50 శాతం లేదా అంతకన్నా ఎక్కువ తగ్గుతుంది. ఒక విషయం గుర్తుంచుకోవాలి. డోసు డబుల్ చేస్తే ఫలితం డబుల్ కాదు. డోసు డబుల్ చేసిన ప్రతిసారీ ఎల్‌డీఎల్ సుమారు 6 శాతం మాత్రమే అదనంగా తగ్గుతుంది. సైడ్ ఎఫెక్ట్స్ అవకాశం మాత్రం డోసుతో పాటు పెరుగుతుంది.

ఈ మందు మొదట దొరికింది బూజులో. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో వేల రకాల ఫంగస్‌లను పరీక్షించి 1973లో పెనిసిలియం జాతి బూజు నుంచి మొదటి స్టాటిన్‌ను వేరుచేశారు. 1987లో లోవాస్టాటిన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. 1994లో స్కాండినేవియా దేశాల నుంచి వచ్చిన ‘ఫోర్ ఎస్’ పరిశోధన అందరి అనుమానాలు తీర్చింది. గుండెజబ్బు ఉన్న 4,444 మందిని సగటున ఐదేళ్లకు పైగా గమనించారు. ఉత్తుత్తి గోలీ వేసుకున్న వాళ్లలో 256 మంది, సిమ్వాస్టాటిన్ వేసుకున్న వాళ్లలో 182 మంది చనిపోయారు. అంటే మరణాల ముప్పు సుమారు 30 శాతం తగ్గింది.

కండరాల నొప్పి: అందరూ చెప్పే ఫిర్యాదు

స్టాటిన్ మానేసే వాళ్లలో ఎక్కువమంది చెప్పే కారణం ఒళ్లు నొప్పులు. ఇది పూర్తిగా అబద్ధం కాదు. కానీ మనం అనుకునేంత నిజమూ కాదు.

2022లో లాన్సెట్ పత్రికలో ఒక పెద్ద లెక్క వచ్చింది. మొత్తం 19 పరిశోధనల్లోని 1,23,940 మంది వివరాలను కలిపి చూశారు. నాలుగేళ్లకు పైగా గమనిస్తే, అసలు స్టాటిన్ వేసుకున్న వాళ్లలో 27.1 శాతం మంది కండరాల నొప్పి లేదా నీరసం ఉందన్నారు. ఉత్తుత్తి గోలీ వేసుకున్న వాళ్లలో కూడా 26.6 శాతం మంది అదే మాట చెప్పారు. తేడా అంతే. ఆ కొంచెం తేడా కూడా ఎక్కువగా మొదటి ఏడాదిలోనే కనిపించింది. ఆ ఏడాదిలో 1,000 మందికి దాదాపు 11 మందికి మందు వల్ల అదనంగా నొప్పి వచ్చింది. స్టాటిన్ వేసుకునే వాళ్లు చెప్పే నొప్పుల్లో 90 శాతానికి పైగా మందు వల్ల వచ్చినవి కావని ఆ పరిశోధకులు తేల్చారు.

మరి నొప్పి ఎందుకు వస్తోంది? 2020లో లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్లు ‘శామ్సన్’ అనే పరిశోధనలో దీన్నే పరీక్షించారు. సైడ్ ఎఫెక్ట్స్ వల్ల స్టాటిన్ మానేసిన 60 మందిని తీసుకున్నారు. ఒక్కొక్కరికి 12 సీసాలు ఇచ్చారు. నాలుగింట్లో అటోర్వాస్టాటిన్, నాలుగింట్లో ఉత్తుత్తి గోలీ, నాలుగు ఖాళీ. నెలకు ఒక సీసా వాడుతూ రోజూ బాధ ఎంతుందో ఫోన్‌లో నమోదు చేశారు. ఖాళీ సీసా నెలల్లో బాధ తక్కువగా ఉంది. గోలీ ఉన్న నెలల్లో పెరిగింది. కానీ స్టాటిన్‌తో పెరిగిన బాధలో 90 శాతం ఉత్తుత్తి గోలీతో కూడా వచ్చింది. ఈ ఫలితం చూపించాక వాళ్లలో సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టగలిగారు.

దీని అర్థం వాళ్లు అబద్ధం చెప్పారని కాదు. నొప్పి నిజమే. ‘ఈ గోలీతో నొప్పి వస్తుంది’ అనే భయం, ఎదురుచూపు కూడా ఒంట్లో నొప్పిని పుట్టించగలవు. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు నొప్పి అంటే “అంతా నీ భ్రమ” అని కొట్టిపారేయొద్దు. “వెంటనే ఆపెయ్” అని కూడా అనొద్దు.

మందు వల్ల వచ్చే నొప్పిని గుర్తుపట్టడం ఎలా?

స్టాటిన్ నొప్పికి కొన్ని లక్షణాలు ఉంటాయి. సాధారణంగా రెండు వైపులా సమానంగా వస్తుంది. తొడలు, పిరుదులు, పిక్కలు, భుజాల లాంటి పెద్ద కండరాల్లో ఉంటుంది. మందు మొదలుపెట్టిన లేదా డోసు పెంచిన 4 నుంచి 6 వారాల్లో ఎక్కువగా కనబడుతుంది. మందు ఆపితే కొన్ని వారాల్లో తగ్గుతుంది.

ఒక మోకాలు మాత్రమే నొప్పి, ఒక వైపు మాత్రమే గుంజడం, కీలు వాచిపోవడం, ఏళ్లుగా ఉన్న నడుము నొప్పి లాంటివి ఈ మందు వల్ల అయ్యే అవకాశం తక్కువ.

మన ప్రాంతంలో ఈ తేడా తెలుసుకోవడం ఇంకా ముఖ్యం. ఉమ్మడి నల్గొండ జిల్లా ఫ్లోరైడ్ నీళ్లతో ఎంత బాధపడిందో అందరికీ తెలిసిందే. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరే స్థిరపడింది. ఏళ్ల తరబడి ఆ బోరు నీళ్లు తాగిన పెద్దవాళ్లకు కీళ్లు, ఎముకలు బిగుసుకుపోయి నొప్పులు ఉంటాయి. ఎండ సరిగా తగలక ఇంటిపట్టునే ఉండే ఆడవాళ్లలో విటమిన్ డి తక్కువై ఒళ్లు నొప్పులు వస్తాయి. థైరాయిడ్ తక్కువ పనిచేసినా కండరాలు గుంజుతాయి. ఆ థైరాయిడ్ లోపమే కొలెస్ట్రాల్‌నూ పెంచుతుంది, స్టాటిన్ నొప్పి వచ్చే అవకాశాన్నీ పెంచుతుంది. అందుకే నొప్పి అనగానే థైరాయిడ్ పరీక్ష చేయించాలి.

మా మామూ విషయంలో జరిగింది ఇదే. డాక్టర్ థైరాయిడ్ పరీక్ష రాశారు. అది చాలా తక్కువగా ఉందని తేలింది. దానికి మందు మొదలుపెట్టి, కొన్ని వారాలయ్యాక స్టాటిన్ చిన్న డోసులో మళ్లీ ఇచ్చారు. ఇప్పుడు నొప్పి మొత్తం పోయిందని చెప్పను గానీ, పొద్దున ఫజర్ నమాజుకు మసీదు దాకా నడిచి వెళ్తున్నారు.

అరుదైనది, కానీ ప్రాణాంతకం

కండరాలు విపరీతంగా దెబ్బతిని కరిగిపోయి, ఆ వ్యర్థాలు రక్తంలోకి వచ్చి కిడ్నీలను చెడగొట్టే పరిస్థితి ఒకటి ఉంది. డాక్టర్లు దీన్ని రాబ్డోమయోలైసిస్ అంటారు. ఇది ఏడాదికి లక్ష మందిలో రెండు మూడు కేసులకు మించదు. కానీ వస్తే ఆలస్యం చేయకూడదు.

ఈ ప్రమాదం ఎంత నిజమో 2001లో ప్రపంచం చూసింది. బేయర్ కంపెనీ సెరివాస్టాటిన్ అనే స్టాటిన్‌ను ఆ ఏడాది ఆగస్టులో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. అప్పటికి అమెరికాలోనే ఆ మందు వాడిన 31 మంది ఈ కండరాల సమస్యతో చనిపోయినట్టు నమోదైంది. వాళ్లలో 12 మంది జెమ్‌ఫైబ్రోజిల్ అనే ఇంకో కొలెస్ట్రాల్ మందు కూడా కలిపి వాడారు. ఆ మందు ఇప్పుడు లేదు. కానీ ఆ ఘటన నేర్పిన పాఠం ఇప్పటికీ వర్తిస్తుంది: పెద్ద డోసు, పక్కన కలవకూడని మందు, ఈ రెండూ కలిస్తేనే ఎక్కువ ప్రమాదం.

కింది లక్షణాలు కనబడితే గోలీ ఆపి అదే రోజు దవాఖానకు వెళ్లాలి:

• మూత్రం టీ డికాక్షన్ రంగులో, ముదురు గోధుమ రంగులో రావడం
• తీవ్రమైన కండరాల నొప్పితో పాటు జ్వరం, బాగా నీరసం
• కూర్చున్నచోటి నుంచి లేవలేకపోవడం, మెట్లు ఎక్కలేకపోవడం, చేతులు పైకెత్తి తల దువ్వుకోలేకపోవడం
• కళ్లు, ఒళ్లు పచ్చబడటం

ఇలాంటప్పుడు డాక్టర్ సీకే అనే రక్తపరీక్ష చేయిస్తారు. అది మామూలు పరిమితికి 10 రెట్లు దాటితే మందు ఆపాల్సిందే. ఇంకా అరుదుగా కొందరికి మందు ఆపినా కండరాల బలహీనత తగ్గదు. ఒంటి రోగనిరోధక శక్తే కండరాల మీద దాడి చేసే పరిస్థితి అది. దానికి వేరే చికిత్స ఉంటుంది. కాబట్టి ఆపాక కూడా బలం రాకపోతే మళ్లీ చూపించుకోవాలి.

షుగర్ పెరుగుతుందా?

కొంచెం పెరుగుతుంది, నిజమే. 2024లో వచ్చిన పెద్ద విశ్లేషణ ప్రకారం మామూలు డోసు స్టాటిన్ వాడే వాళ్లలో కొత్తగా షుగర్ జబ్బు వచ్చే అవకాశం 10 శాతం, పెద్ద డోసు వాడే వాళ్లలో 36 శాతం పెరిగింది. ఈ శాతాలు చూసి భయపడే ముందు ఇంకో మాట వినాలి. కొత్త కేసుల్లో ఎక్కువమంది ముందే షుగర్ గీత దగ్గర ఉన్నవాళ్లు. మందు వాళ్ల షుగర్‌ను కొద్దిగా మాత్రమే పెంచింది. ఆ కొద్దితోనే వాళ్లు గీత దాటారు.

షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎక్కువ. అందుకే వాళ్లకే ఈ మందు ఎక్కువ అవసరం కూడా. ‘షుగర్ పెరుగుతుందట’ అని గోలీ మానేస్తే చిన్న నష్టం తప్పించుకోబోయి పెద్ద నష్టం తెచ్చుకున్నట్టే. మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత డాక్టర్ చెప్పినప్పుడల్లా షుగర్ చూసుకుంటే చాలు.

లివర్, మతిమరుపు, మిగతావి

స్టాటిన్ వల్ల కొద్దిమందికి లివర్ ఎంజైములు పెరుగుతాయి. చాలాసార్లు అవి వాటంతటవే దిగుతాయి. మామూలు పరిమితికి మూడు రెట్లు దాటి అలాగే ఉంటే డాక్టర్ డోసు తగ్గిస్తారు లేదా ఆపుతారు. లివర్ నిజంగా పాడవడం చాలా అరుదు. అమెరికా ఔషధ సంస్థ 2012లో మందుల లేబుళ్లు మార్చింది. మొదలుపెట్టే ముందు లివర్ పరీక్ష చేయించాలి, తర్వాత లక్షణాలు ఉంటేనే చేయించాలి, ఊరికే మాటిమాటికీ అవసరం లేదని చెప్పింది. లివర్‌లో కొవ్వు ఉందని స్కాన్‌లో వచ్చినంత మాత్రాన ఈ మందు వాడకూడదని ఏమీ లేదు.

అదే 2012లో మతిమరుపు, తికమక గురించి కూడా లేబుల్ మీద హెచ్చరిక చేర్చారు. కొందరిలో ఇలా వచ్చినట్టు నమోదైంది. ఎక్కువగా తేలికైనవే, మందు ఆపితే తగ్గిపోయాయి. పెద్ద పరిశోధనల్లో మాత్రం స్టాటిన్ మెదడును పాడుచేస్తుందని రుజువు కాలేదు.

కడుపు ఉబ్బరం, మలబద్ధకం, విరేచనాలు, తలనొప్పి లాంటివి మొదట్లో కొందరికి ఉంటాయి. ఎక్కువమందికి కొన్ని రోజుల్లో సర్దుకుంటాయి. ఇంతకుముందు మెదడులో రక్తస్రావం అయినవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పాలి.

గర్భం దాల్చాలనుకునే వాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా ముందే చెప్పాలి. సాధారణంగా ఆ సమయంలో స్టాటిన్ ఆపిస్తారు. గుండెజబ్బు ఎక్కువ ముప్పు ఉన్న కొద్దిమంది గర్భిణుల విషయంలో డాక్టరే విడిగా నిర్ణయిస్తారు.

స్టాటిన్ కాని కొలెస్ట్రాల్ మందులు

ఎజెటిమైబ్: పేగుల్లో కొలెస్ట్రాల్ ఒంటికి పట్టకుండా చేస్తుంది. సైడ్ ఎఫెక్ట్స్ తక్కువ. కొందరికి విరేచనాలు, కడుపునొప్పి. స్టాటిన్ పెద్ద డోసు పడనివాళ్లకు చిన్న డోసు స్టాటిన్‌తో కలిపి ఇస్తారు.

ఫెనోఫైబ్రేట్: ట్రైగ్లిజరైడ్స్ బాగా పెరిగినప్పుడు వాడతారు. పిత్తాశయంలో రాళ్లు, కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ పెరగడం ఉండొచ్చు. ఇదే గుంపులోని జెమ్‌ఫైబ్రోజిల్‌ను స్టాటిన్‌తో కలపకూడదు.

నియాసిన్: ముఖం ఎర్రబడి మంట, దురద వస్తాయి. షుగర్ కూడా పెంచుతుంది. ఇప్పుడు వాడకం బాగా తగ్గింది.

బెంపెడోయిక్ ఆసిడ్: స్టాటిన్ అసలు పడనివాళ్లకు ఇస్తారు. యూరిక్ ఆసిడ్ పెరిగి గౌట్ రావొచ్చు.

వీటితో కలిస్తే జాగ్రత్త

కొన్ని సైడ్ ఎఫెక్ట్స్ పక్క మందుతో కలిసినప్పుడు వస్తాయి. మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాట్లు ఇవీ:

తామర మందు: తామర, గజ్జి అని మందుల షాపులో అడిగి ఇట్రాకోనజోల్ క్యాప్సూల్స్ తెచ్చుకుని వారాల తరబడి వేసుకునే వాళ్లు ఎంతోమంది. ఇది సిమ్వాస్టాటిన్‌తో అసలు కలపకూడదు. అటోర్వాస్టాటిన్ కూడా రక్తంలో బాగా పెరిగిపోతుంది. కాబట్టి ఫంగస్ మందు రాసే డాక్టర్‌కు మీ కొలెస్ట్రాల్ గోలీ పేరు చెప్పండి.

యాంటీబయాటిక్స్: క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ కూడా ఇలాంటివే. ఆ కొద్ది రోజులు స్టాటిన్ ఆపమని డాక్టర్ చెప్పొచ్చు.

బీపీ, గుండె మందులు: ఆమ్లోడిపిన్ వాడేవాళ్లు సిమ్వాస్టాటిన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదు. డిల్టియాజెమ్, వెరపమిల్, అమియోడరోన్ వాడేవాళ్లు కూడా చెప్పాలి.

గ్యాస్ సిరప్: అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందులు రోసువాస్టాటిన్‌ను ఒంటికి పట్టనివ్వవు. గోలీ వేసుకున్న రెండు గంటల తర్వాత సిరప్ తాగాలి.

పండ్లు: గ్రేప్‌ఫ్రూట్ ఎక్కువగా తింటే సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ మోతాదు రక్తంలో పెరుగుతుంది. పంపరపనస దానికి దగ్గరి బంధువు, కాబట్టి అదీ తగ్గించాలి. నల్గొండ బత్తాయి తినొచ్చా అని చాలామంది అడుగుతారు. తీపి బత్తాయికి ఈ హెచ్చరిక లేదు. షుగర్ ఉంటే మాత్రం రసం కాకుండా పండే తినడం మంచిది.

ఇంటి వైద్యం: అల్లం, వెల్లుల్లి, నిమ్మరసం, వెనిగర్, తేనె కలిపి కాచి తాగితే గుండె బ్లాకులు కరిగిపోతాయని ఒక మెసేజ్ ఏళ్లుగా తిరుగుతోంది. అలా కరుగుతాయని ఏ రుజువూ లేదు. వంటలో వెల్లుల్లి తినండి, కలోంజీ తినండి. కానీ గోలీ మానేసి కాదు. ‘రెడ్ ఈస్ట్ రైస్’ పేరుతో అమ్మేవి ఉంటే జాగ్రత్త. అందులో సహజంగానే లోవాస్టాటిన్ ఉంటుంది, అంటే తెలియకుండా రెండో స్టాటిన్ వేసుకున్నట్టు. హకీం సాబ్ ఇచ్చిన మాజూన్, ఖమీరా వాడుతుంటే అవీ డాక్టర్‌కు చెప్పండి. అడిగితే కోపగించుకుంటారేమో అని దాచొద్దు.

ఒకే మందు, రెండు పేర్లు

ఇది మన ఇళ్లల్లో తరచుగా జరిగే తప్పు. దుబాయ్, సౌదీ, కువైట్‌లో ఉండే కొడుకు సెలవులకు వస్తూ అబ్బా కోసం ‘లిపిటార్’ తెస్తాడు. ఇక్కడ డాక్టర్ రాసింది ‘అటోర్వా’. పేర్లు వేరు కాబట్టి రెండూ వేసుకుంటారు. రెండింట్లోనూ ఉన్నది అటోర్వాస్టాటినే. అలాగే ‘క్రెస్టర్’ అన్నా, ‘రోసువాస్’ అన్నా రోసువాస్టాటినే. కొన్ని క్యాప్సూల్స్‌లో ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్ కలిపే ఉంటాయి. దాని పక్కన మళ్లీ విడిగా అటోర్వాస్టాటిన్ వేసుకుంటే డోసు డబుల్.

పట్టీ మీద పెద్ద అక్షరాల పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చూడాలి. పెద్దవాళ్లకు చదవరాకపోతే ఇంట్లో పిల్లలు చూడాలి. జనఔషధి షాపుల్లో దొరికేవీ ఈ అసలు పేర్లతోనే తక్కువ ధరకు ఉంటాయి.

రోసువాస్టాటిన్ గురించి ఇంకో మాట. ఒకే డోసు వేసుకున్నా, మనలాంటి ఆసియా వాళ్ల రక్తంలో ఈ మందు పాశ్చాత్యుల కంటే సుమారు రెండింతలు ఉంటుందని తేలింది. అందుకే అమెరికా లేబుల్ ఆసియా వాళ్లకు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టమంటుంది. స్టెంట్ వేసినవాళ్లకు డాక్టర్ కావాలనే పెద్ద డోసు ఇస్తారు, దానికి కారణం ఉంటుంది. కానీ నొప్పి మొదలైతే “డోసు తగ్గించొచ్చా సార్?” అని అడగడానికి ఇది మంచి ఆధారం.

రంజాన్, క్యాప్సూల్, ఉమ్రా: మన ప్రశ్నలు

రోజా ఉన్నప్పుడు ఎలా? అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ రోజులో ఏ టైమ్‌లోనైనా వేసుకోవచ్చు. ఇఫ్తార్ తర్వాతో, తరావీహ్ తర్వాతో, సహరీలోనో ఒక టైమ్ పెట్టుకుని అదే పాటించాలి. సిమ్వాస్టాటిన్ రాత్రి పూటే వేసుకోవాలి. ఈ మందు కోసం రోజా మానాల్సిన పని లేదు, రోజా కోసం మందు మానాల్సిన పనీ లేదు. షుగర్, గుండెజబ్బు ఉన్నవాళ్లు రోజా విషయం మాత్రం రంజాన్‌కు ముందే డాక్టర్‌తో మాట్లాడాలి.

హలాలేనా? అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ ల్యాబులో రసాయనాలతో తయారవుతాయి, జంతువుల నుంచి కాదు. సందేహం వచ్చేది జెలటిన్ క్యాప్సూల్ దగ్గర. క్యాప్సూల్ రూపంలో ఇచ్చే కాంబినేషన్ మందు మీకు ఇబ్బందిగా అనిపిస్తే, అవే మందులు విడివిడి గోలీలుగా రాయమని డాక్టర్‌ని అడగొచ్చు. మసాయిల్ కోసం మీ ముఫ్తీ సాబ్‌ను అడగండి. అడిగేలోపు మందు మాత్రం ఆపకండి.

హజ్, ఉమ్రాకు వెళ్లేవాళ్లు మొత్తం రోజులకు సరిపడా గోలీలు, డాక్టర్ చీటీ హ్యాండ్ బ్యాగులో పెట్టుకోవాలి. అక్కడ మామూలు కంటే చాలా ఎక్కువ నడుస్తారు, ఒళ్లు నొప్పులు సహజం. నీళ్లు బాగా తాగాలి. నొప్పితో పాటు మూత్రం రంగు మారితే అక్కడి దవాఖానకు వెళ్లాలి.

ఎవరు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి?

75 ఏళ్లు దాటినవాళ్లు, సన్నగా బలహీనంగా ఉన్నవాళ్లు, కిడ్నీ లేదా లివర్ జబ్బు ఉన్నవాళ్లు, థైరాయిడ్ తక్కువ ఉన్నవాళ్లు, ఎక్కువ మందులు కలిపి వాడేవాళ్లు, ఇంతకుముందు ఏ స్టాటిన్‌తోనైనా ఇబ్బంది పడినవాళ్లు. వీళ్లకు డాక్టర్ చిన్న డోసుతో మొదలుపెట్టి చూస్తారు.

లాభం ఎంత, నష్టం ఎంత?

కామర్స్ వాడికి జమ, ఖర్చు పక్కపక్కన పెడితేనే అర్థమవుతుంది. 2016లో లాన్సెట్‌లో వచ్చిన సమీక్ష అలాంటి లెక్కే ఇచ్చింది. అటోర్వాస్టాటిన్ 40 మిల్లీగ్రాముల లాంటి డోసు 10,000 మంది ఐదేళ్లు వాడితే ఏమవుతుంది?

జమ వైపు: ఇప్పటికే గుండెజబ్బు ఉన్నవాళ్లయితే సుమారు 1,000 మందికి గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ప్రమాదం తప్పుతుంది. జబ్బు ఇంకా రాకపోయినా ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లయితే సుమారు 500 మందికి తప్పుతుంది.

ఖర్చు వైపు: సుమారు 5 మందికి తీవ్రమైన కండరాల జబ్బు, 50 నుంచి 100 మందికి కొత్తగా షుగర్, 5 నుంచి 10 మందికి మెదడులో రక్తస్రావం.

ఈ లెక్క ముప్పు ఉన్నవాళ్లకు. 30 ఏళ్ల మనిషి, బీపీ, షుగర్, సిగరెట్ ఏవీ లేవు, పరీక్షలో కొలెస్ట్రాల్ కొంచెమే ఎక్కువ వచ్చింది అంటే లెక్క వేరు. అతనికి ముందు తిండి, నడక, బరువు. 2024లో కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మామూలు వాళ్లకు ఎల్‌డీఎల్ 100 లోపు, బీపీ, షుగర్ లాంటి ఎక్కువ ముప్పు ఉన్నవాళ్లకు 70 లోపు, గుండెపోటు, పక్షవాతం లాంటివి వచ్చి చాలా ఎక్కువ ముప్పు ఉన్నవాళ్లకు 55 లోపు ఉండాలి. కాబట్టి “నాకు ఈ మందు ఎందుకు, నా ముప్పు ఎంత?” అని అడగడం మీ హక్కు.

వార్తలు రాసే మాకూ ఇందులో ఒక పాఠం ఉంది. డెన్మార్క్‌లో 40 ఏళ్లు దాటి స్టాటిన్ మొదలుపెట్టిన 6,74,900 మంది వివరాలు చూశారు. మీడియాలో స్టాటిన్‌కు వ్యతిరేకంగా వార్తలు వచ్చినప్పుడు త్వరగా మానేసేవాళ్లు పెరిగారు. అలా మానేసిన వాళ్లలో గుండెపోటు ముప్పు 26 శాతం ఎక్కువగా కనిపించింది. తెలియక ఫార్వర్డ్ చేసే ఒక మెసేజ్ ఎవరి ఇంటి పెద్దదిక్కు మీద పడుతుందో చెప్పలేం.

నొప్పి వస్తే వరుసగా ఏం చేయాలి?

1. పైన చెప్పిన ప్రమాద లక్షణాలు ఉన్నాయా చూడండి. ఉంటే వెంటనే దవాఖాన.
2. లేకపోతే గోలీ మీ అంతట ఆపకుండా రెండు మూడు రోజుల్లో డాక్టర్‌ని కలవండి. స్టెంట్, బైపాస్, పక్షవాతం అయినవాళ్లు అసలు ఆపకూడదు, ముందు ఫోన్ చేసైనా అడగాలి.
3. నొప్పి ఎక్కడ, రెండు వైపులా ఉందా, ఎప్పుడు మొదలైంది, కొత్తగా ఏ మందు వేసుకున్నారు అనేది కాగితం మీద రాసుకెళ్లండి. మందుల పట్టీలన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి.
4. సీకే, థైరాయిడ్, లివర్, కిడ్నీ, విటమిన్ డి పరీక్షల్లో ఏవి అవసరమో అడగండి.
5. డాక్టర్ చెబితే రెండు నుంచి నాలుగు వారాలు ఆపి చూడొచ్చు. నొప్పి తగ్గకపోతే కారణం మందు కాదన్నమాట.
6. తగ్గితే దారులు ఉన్నాయి: చిన్న డోసు, వేరే స్టాటిన్, రోజు విడిచి రోజు, లేదా ఎజెటిమైబ్ జోడించడం. ఒక స్టాటిన్ పడని చాలామందికి ఇంకోటి పడుతుంది.

భువనగిరి వాళ్లకు సర్కారు దవాఖాన ఊళ్లోనే ఉంది, బీబీనగర్ ఎయిమ్స్ కూడా దగ్గరే. సర్కారు దవాఖానలో డాక్టర్ రాసిస్తే చాలా రక్తపరీక్షలు ఉచితంగా జరుగుతాయి. మామూలు కొలెస్ట్రాల్ పరీక్షకు ఇప్పుడు చాలాసార్లు పరగడుపునే వెళ్లాల్సిన అవసరం కూడా లేదు.

సైడ్ ఎఫెక్ట్ వస్తే సర్కారుకు చెప్పే ఏర్పాటు కూడా ఉందని చాలామందికి తెలియదు. మన దేశంలో మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దీన్ని చూస్తుంది. డాక్టరే కాదు, మందు వేసుకున్న మనిషి కూడా 1800-180-3024 టోల్ ఫ్రీ నంబర్‌కు ఫోన్ చేసి చెప్పొచ్చు. 2001లో ఒక ప్రమాదకరమైన మందు మార్కెట్ నుంచి పోయింది ఇలా నమోదైన కేసుల వల్లే.

మామూ ఇప్పుడు వాట్సాప్‌లో మెసేజ్ వస్తే ముందు నాకు పంపుతున్నారు. “ఇది నిజమేనా బేటా?” అని అడుగుతున్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్ల గోలీల డబ్బా ఈ రోజు ఒకసారి తెరిచి చూడండి. ఏ మందు ఎన్నిసార్లు, రెండు పేర్లతో ఒకటే ఉందా, చడీచప్పుడు లేకుండా ఏదైనా మానేశారా అని అడగండి. ఆ పది నిమిషాలు వాళ్లకు చాలా మేలు చేస్తాయి.